తాళ్లశాల: వస్తువూ శిల్పమూ

తాడును చూసి పామనుకున్నవాడి కథ మన వేదాంతులకు వెయ్యేళ్లకు పైగా ఉపయోగపడుతూ వస్తోంది. రజ్జుసర్పభ్రాంతి అన్న మాట వినని తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఉండడు. దీపం తెచ్చి చూస్తే పాము లేదు, తాడే ఉంది. అక్కడితో వేదాంతి పని పూర్తవుతుంది. ఆ తాడు ఏ నారతో పేనారు, ఎవరు పేనారు, ఎంత కూలికి పేనారు అన్న ప్రశ్న ఆయనకు పుట్టదు. దీపం వెలుగు తాడు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ దీపాన్ని కాస్త ముందుకు జరిపి, తాడు పేనిన ఒక ఇంటిని చూపించాలని ఈ వ్యాసం రాస్తున్నాను. సాహిత్య పత్రికలో తాళ్ల ఫ్యాక్టరీ గురించి ఎందుకని అడిగేవారికి జవాబు వ్యాసం మధ్యలో దొరుకుతుంది. కొంచెం ఓపిక పట్టాలి.

ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో మెడ్వే నది ఒడ్డున చాటం అనే ఊరుంది. పదహారో శతాబ్దం నుంచి అక్కడ ఇంగ్లీషు రాజుల నౌకాదళానికి ఓడలు కట్టారు, బాగుచేశారు. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన 'విక్టరీ' అనే యుద్ధనౌక 1765లో ఆ రేవులోనే నీటిలోకి దిగింది. చాటంలో 1618 నుంచి తాళ్లు పేనుతున్నారు. ఇప్పుడు నిలిచి ఉన్న తాళ్లశాలను 1786–1791 మధ్య కట్టారు. ఇటుక గోడల కట్టడం. మూడంతస్తులు, పైన అటక, కింద నేలమాళిగ. పొడవు 1,135 అడుగులు, అంటే 346 మీటర్లు. దాన్ని నేను కళ్లతో చూడలేదు. పటాలూ, ఫోటోలూ, చదివిన పుస్తకాలూ నాకు ఆధారం. కానీ తాడు పేనడం మాత్రం చూసి పెరిగినవాణ్ణి. మా తాత ఎండాకాలం మధ్యాహ్నాలు జనపనారతో పలుపులూ పగ్గాలూ పేనేవాడు. చింతచెట్టు కింద ఒక కొస కొక్కేనికి తగిలించి, పురి ఎక్కిస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. చెట్టు నీడ అయిపోయినచోట ఆయన తాడు అయిపోయేది. చాటం తాళ్లశాల పటం మొదటిసారి చూసినప్పుడు నాకు తట్టింది ఆ చింతచెట్టు నీడే.

ఆ భవనం అంత పొడవెందుకు? లోపల ఒక కొసన నిలబడి చూస్తే రెండు వరసల స్తంభాలూ దూరం పోయి పోయి ఒక చుక్కలో కలిసిపోతాయి. ఫోటోగ్రాఫర్లకు ఆ దృశ్యం మహా ఇష్టం. అనంతం, ఏకాగ్రత, లయ అని రాసేవారు కూడా ఉంటారు. ఆ పొడవుకు కారణం లెక్కలో ఉంది. ఓడకు కావలసిన తాడు చుట్ట ప్రమాణం 120 ఫాదములు. ఫాదమంటే మన బార: చేతులు రెండూ చాచితే ఎంతో అంత, ఆరడుగులు. 120 బారలంటే 720 అడుగులు. తాడు మధ్యలో అతుకు ఉండకూడదు. తుఫానులో ఓడ తెగేది అతుకు దగ్గరే. పోగుల్ని పురిపెట్టి పేటలుగా, పేటల్ని మెలివేసి తాడుగా చేసేసరికి పొడవు దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. అంటే 720 అడుగుల తాడు రావాలంటే వెయ్యి అడుగులకు పైగా పోగు చాపాలి. చాపడానికి చోటు కావాలి, రెండు చివరలా మనుషులకీ పనిముట్లకీ చోటు కావాలి. 1,135 అడుగులు ఇలా వచ్చాయి. ఇటుకలు పేర్చకముందే తాడు ఆ భవనం కొలత నిర్ణయించేసింది. తాడు కొలతను నిర్ణయించింది సముద్రం లోతూ, ఓడ బరువూ. మనం వస్తువు, శిల్పం అని రెండు మాటలు పెట్టుకుని దశాబ్దాలు వాదించాం. కట్టడానికి కూడా శిల్పమనే అంటాం కాబట్టి ఈ ఉదాహరణ ఇక్కడికి తగినదే. ఈ శిల్పంలో ఒక్క అడుగును వస్తువు నుంచి విడదీసి మెచ్చుకోగలరేమో ప్రయత్నించండి.

ఇక లోపలి పని. రష్యా నుంచీ, బాల్టిక్ తీరాల నుంచీ గంజాయి జాతి నార కట్టలుగా వచ్చేది. దాన్ని ముందు నార గిడ్డంగిలో పెట్టేవారు. తరువాత ఇనుప ముళ్లు నిలబెట్టిన పలకల మీద దువ్వేవారు, చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టు. ముళ్ల మీద నార సులువుగా జారడానికి తిమింగలం నూనె రాసేవారు. దువ్విన నారను వడికేవాడు నడుముకు చుట్టుకుంటాడు. చక్రానికున్న కొక్కేనికి కొంత నార తగిలించి, వేళ్ల మధ్యనుంచి కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి నడుస్తాడు. అవతల ఇంకొకడు చక్రం తిప్పుతుంటాడు. ఆ నడకంతా పై అంతస్తుల్లో. రోజంతా వాళ్ల దారి వెనకవైపుకే. ఎదురుగా ఉన్నది చూస్తూ, పోయే చోటు చూడకుండా, వెయ్యి అడుగుల దాకా.

అలా వచ్చిన పోగును మరుగుతున్న తారులోంచి లాగేవారు. ఉప్పునీటిలో కుళ్లకుండా ఉండటానికి అది కావాలి. తారు కాచే ఇల్లు వేరే. నార దుమ్ము నిండిన చోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. తారు పట్టిన నల్లపోగుల్ని ఒక గిడ్డంగిలో, తెల్లపోగుల్ని మరొక గిడ్డంగిలో ఆరబెట్టి దాచేవారు. ఆ తరువాత కింది అంతస్తు. నేలమీద పట్టాల వెంట కదిలే బండికి పోగులు కట్టి పేటలు పేనేవారు. పోగుకు ఒకవైపు పురి, పేటకు దానికి ఎదురుపురి, పేటలు కలిపిన తాడుకు మళ్లీ మొదటివైపు పురి. ఒకటి విడిపోవాలని చూస్తే రెండోది బిగుస్తుంది. తాడు నిలబడేది ఈ విరోధం వల్ల. గతితర్కం పాఠం చెప్పడానికి నేను ఇంతకంటే మంచి ఉదాహరణ వెతుక్కోలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అర్థమైంది. మూడు పేటలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా మధ్యలో మూడు గాళ్లున్న శంఖాకారపు చెక్కదిమ్మ పెడతారు. మెలి ముందుకు వస్తున్నకొద్దీ ఆ దిమ్మ జరుగుతూ పోతుంది. తాడు కురచవుతున్నకొద్దీ బండి ముందుకు లాక్కుపోబడుతుంది. లంగరుకు కట్టే పెద్ద మోకుల్లో వెయ్యికి పైగా పోగులుండేవి. అలాంటి మోకు ఒకటి మెలివేయాలంటే వందమందికి పైగా మనుషులు ఒక్కసారి పట్టు పట్టాలి. పాత పద్ధతిలో వడకడానికి ఒక ఇల్లు, మెలివేయడానికి దాని పక్కనే ఇంకొక ఇల్లు ఉండేవి. 1786లో మొదలుపెట్టిన కట్టడం ఆ రెంటినీ ఒకే కప్పు కిందికి, ఒకదానిమీద ఒకటిగా తెచ్చింది. అందుకే దాన్ని జంట తాళ్లశాల అంటారు. రాజ్యానికి మేస్త్రీల ఖర్చు తగ్గింది, కాపలా ఖర్చు కూడా తగ్గింది.

కాపలా అన్నాను. మనం రావలసిన చోటు ఇదే.

ఒక్క 'విక్టరీ' ఓడకే 20 మైళ్లకు మించిన తాడు కావాలి. ఇంత తాడు తయారయ్యేచోట దొంగతనం భయం ఉంటుంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో రాజు రేవుల్లో కూలీలకు మూడునెలల జీతాలు కలిపి ఇచ్చే ఆచారం. ఆ మూడునెలలు కూడా తరచు ఏడాది దాటిపోయేవి. రాజు బాకీ ఉంటే బకాయి, కూలీవాడు రెండు మూరల తాడు తీసుకుపోతే దొంగతనం. ఆ దొంగను పట్టుకోవడానికి అధికారులు ఒక ఉపాయం చేశారు. ప్రతి తాడులోనూ ఒక గుర్తు పోగు కలిపి పేనించారు. మిగతా పోగులకు ఎదురుగా పురిపెట్టిన పోగు అది. తరువాతి కాలంలో రంగు వేసిన పోగు అయింది, ఒక్కొక్క రేవుకు ఒక్కొక్క రంగు. తాడును ఎక్కడ కోసినా అది కనిపిస్తుంది. దాన్ని తీసెయ్యాలంటే తాడంతా విప్పాలి. దానికి పెట్టిన పేరు 'రోగ్స్ యార్న్'. తెలుగులో దొంగపోగు అందాం. గమనించండి: పోగు రాజుది, పేరు మాత్రం కూలీది. ఆ పోగును పేనింది కూడా కూలీయే. తన మెడకు పడే సాక్ష్యాన్ని తనచేతనే వడికించుకున్నారు.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. 1809లో జర్మన్ మహాకవి గేథే ఒక నవల అచ్చువేశాడు. ఇంగ్లీషులో దాన్ని 'ఎలెక్టివ్ ఎఫినిటీస్' అంటారు. దాని రెండో భాగంలో ఒట్టీలీ అనే అమ్మాయి దినచర్య మనకు చూపించబోతూ, కథకుడు ఒక ముచ్చట చెబుతాడు. ఇంగ్లీషు నౌకాదళంలో చిన్నవీ పెద్దవీ తాళ్లన్నిటి గుండా ఒక ఎర్రదారం పోతుందనీ, మొత్తం విప్పితే తప్ప దాన్ని బయటికి లాగలేమనీ, చిన్న ముక్క దొరికినా అది రాజుగారిదని తెలిసిపోతుందనీ అంటాడు. అలాగే ఒట్టీలీ రాతల గుండా ఒక అనురాగసూత్రం పోతోందని పోలుస్తాడు. ఆ పోలిక జర్మన్ భాషలో స్థిరపడిపోయింది. ఈనాటికీ ఏ రచనలోనైనా ఆద్యంతం సాగే ప్రధాన భావాన్ని వాళ్లు 'ఎర్రదారం' అనే అంటారు.

మనకు ఆ మాట సంస్కృతం దారిన వేరుగా వచ్చింది: అంతస్సూత్రం, ఏకసూత్రత, సూత్రధారుడు. మన సూత్రానికి పూలదండ మూలం, మణులు గుచ్చిన దారం మూలం. కానీ విమర్శలో మనం దాన్ని వాడే పద్ధతి గేథే పద్ధతే. పరీక్ష కాగితాలు దిద్దేటప్పుడు 'ఈ కావ్యంలో అంతస్సూత్రంగా కరుణ ప్రవహించుచున్నది' అన్న వాక్యం నాకు ఏటా ఎదురవుతుంది. (సూత్రం ప్రవహించడం ఎలాగో అడిగితే పిల్లలు నవ్వుతారు, గైడు రాసినవారిని అడగాలి.) ఒక రచనకు ఏకత్వం ఉందని చెప్పడానికి మనం వాడుకునే ఈ ఉపమానం ఒక ఆస్తిగుర్తుగా పుట్టిందని తెలిసినప్పుడు నాకు కొంత ఇబ్బందే కలిగింది. గేథే ఆ తాడులో రాజముద్రను చూశాడు, ప్రేమను చూశాడు. దాని పేరులోని 'దొంగ' ఆయన పోలికలోకి రాలేదు. అది గేథే తప్పని నేను అనను. వైమార్‌లో కూర్చున్న మంత్రికి చాటం కూలీ కనపడకపోవడంలో వింత లేదు. కానీ ఉపమానాన్ని అందిపుచ్చుకున్న మనం దాన్ని చివరిదాకా విప్పి చూడాలి కదా.

నాకు ఇంకొక సంగతి కూడా ముఖ్యమనిపిస్తుంది. గుర్తు పోగు మిగతావాటికి ఎదురుపురిలో ఉండేది. అంటే దాన్ని గుర్తుపట్టించేది దాని వ్యతిరేకత. మనవాళ్లు అంతస్సూత్రం కోసం వెతికేటప్పుడు అన్ని సన్నివేశాల్లోనూ ఒకే రుచిగా ఉన్నదాన్ని ఏరుకుంటారు. రచనలో అన్నిటితోనూ ఒద్దికగా కలిసిపోయిన భావం రచయిత బాహాటంగా చెప్పదలచుకున్నది మాత్రమే కావచ్చు. అతను పుట్టిన వర్గం, అతని అన్నం ఎక్కడినుంచి వస్తోందన్న సంగతి తరచుగా ఎదురుపురి తిరిగిన వాక్యాల్లో దొరుకుతాయి. విద్యార్థులు ఈ దృష్టితో ఒక్క నవల చదివి చూడవలసిందిగా నా సూచన.

చాటంతో సాహిత్యానికి ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. చార్లెస్ డికెన్స్ తండ్రి నౌకాదళపు జీతాల ఆఫీసులో గుమాస్తా. 1817 నుంచి 1822 దాకా, అంటే అయిదేళ్ల వయసు నుంచి పదేళ్ల దాకా, డికెన్స్ చాటంలో పెరిగాడు. జీతాలు పంచే ఆఫీసులో పనిచేసిన ఆ తండ్రి 1824లో బాకీలు తీర్చలేక లండనులో జైలుపాలయ్యాడు. పన్నెండేళ్ల కొడుకు బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. నలభై ఏళ్ల తరువాత, 1863లో, పేరుపొందిన రచయితగా చాటం రేవు మీద వ్యాసం రాస్తూ డికెన్స్ తాళ్లు పేనేచోట తిరుగాడాడు. ఆ పని చూస్తుంటే తన బతుకు తాడు పురి విప్పుకుని చిన్ననాటి రోజులు కనిపిస్తున్నట్టుందని రాశాడు. సోమరి సుఖంగా ఉందని కూడా అన్నాడు. ఆ సుఖం చూసేవాడిది. పేనేవాడిది కాదని డికెన్స్‌కు తెలియదనుకోలేం, ఎందుకంటే తాడు ముసలితనాన్ని అంతకు ఇరవై అయిదేళ్ల ముందే ఆయన చూపించాడు.

తాడు ముసలితనం అంటే ఇది. ఓడల్లో పాతబడిన తారు తాళ్లను ముక్కలుగా కోసి, వేళ్లతో విప్పి, మళ్లీ పీచుగా చేసేవారు. ఆ పీచును ఓడ పలకల సందుల్లో కూరి తారు పోస్తే నీరు కారదు. దాన్ని ఓకమ్ అంటారు. తారుతో గట్టిపడ్డ తాడును విప్పడం గోళ్లు చీరుకుపోయే పని. అందుకని ఆ పనిని ఖైదీలకూ, అనాథశరణాలయాల్లో గంజికి చేరిన పేదలకూ అప్పగించారు. 'ఆలివర్ ట్విస్ట్' నవలలో తొమ్మిదేళ్ల పిల్లవాడికి శరణాలయం పెద్దలు నేర్పబోయే 'వృత్తి' అదే. 1895లో శిక్షపడిన ఆస్కార్ వైల్డ్ చేతా జైల్లో అదే చేయించారు. ఒక కొసన కూలీ పేనుతాడు, ఇంకో కొసన ఖైదీ విప్పుతాడు, మధ్యలో సామ్రాజ్యం తెరచాప ఎత్తుకుని మన తీరం దాకా వస్తుంది.

మన తీరం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నెపోలియన్ యుద్ధాల కాలంలో రష్యా నార మీద ఆధారపడటం బ్రిటిషు ప్రభుత్వానికి ప్రాణసంకటమైంది. 1807లో నెపోలియనూ రష్యా చక్రవర్తీ టిల్సిట్ దగ్గర సంధి చేసుకోవడంతో ఆ భయం నిజమైంది. నారకు బదులు ఏదైనా దొరుకుతుందా అని ఈస్టిండియా కంపెనీ అంతకుముందునుంచే ఇక్కడ వెతికిస్తోంది. ఆ పరీక్షలు చేసినవాళ్లలో విలియం రాక్స్‌బరో ముఖ్యుడు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలన్నిటికీ బొమ్మలు గీయించిన వృక్షశాస్త్రవేత్త ఆయనే. తరువాత కలకత్తా తోటలో మన జనుమునూ, ఇంకా అనేక నారలనూ తాళ్లుగా పేనించి, బరువులు వేలాడదీసి, ఏది ఎంతకు తెగుతుందో లెక్కలు రాశాడు. రష్యా నార స్థానాన్ని మన జనుము పట్టలేకపోయింది. కానీ మన గోగునార తరువాతి కాలంలో 'బిమ్లిపటం జూట్' అన్న వ్యాపారనామంతో ఇంగ్లీషు పుస్తకాలకెక్కింది. మనం పప్పులోకి వండుకునే గోంగూర చెట్టు కాడనుంచి ఒలిచిన నారకు మన భీమిలి రేవు పేరు. మా తాతకు ఈ సంగతి చెబితే నమ్మేవాడు కాడు.

కాకినాడ పక్కన కోరంగిలోనూ ఓడలు కట్టారు. 1839 ఉప్పెనలో ఆ ఊరు దెబ్బతినేదాకా అది పేరున్న రేవు. అక్కడి ఓడలకూ మోకులు కావలసి వచ్చాయి, ఎవరో పేనారు. మన కథల్లో పాలేరు ఉన్నాడు, నేతగాడు ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు. మోకు పేనినవాడు నేను చదివినంతలో ఒక పాత్రగా ఎదురు కాలేదు.

చాటంలో యంత్రాలు మెల్లగా వచ్చాయి. 1811లో పేటలు పేనే ఇనుపయంత్రాలు పెట్టారు. హెన్రీ మాడ్స్‌లే అనే ప్రసిద్ధ యంత్రనిర్మాత కర్మాగారంలో తయారైనవి అవి. తరువాత ఆవిరియంత్రం వచ్చి వందమంది లాగే లాగుడు తగ్గించింది. 1864లో వడికే యంత్రాలు వచ్చినప్పుడు మొదటిసారి ఆడవాళ్లను పనిలోకి తీసుకున్నారు. నావికుల విధవలకూ, రేవు కూలీల కుటుంబాల ఆడవాళ్లకూ ఆ పని ఇవ్వడం దయగా చెప్పుకున్నారు. మగవాళ్లతో కలవకుండా వాళ్లకు వేరే ద్వారం ఏర్పాటు చేశారు. సముద్రంలో భర్తను పోగొట్టుకున్న ఆడది సముద్రానికి పోయే తాడుకు పోగు వడకడం, అదీ పక్కద్వారం నుంచి వచ్చి. ఎవరైనా కథ రాస్తారేమోనని ఈ వాక్యం ఇక్కడ వదిలిపెడుతున్నాను.

నిప్పు గురించి కూడా ఒక మాట. 1776 డిసెంబరులో పోర్ట్‌స్మత్ రేవులోని తాళ్లశాలకు జేమ్స్ ఐట్‌కెన్ అనే రంగులు వేసే కూలీ నిప్పు పెట్టాడు. స్కాట్లండువాడు, అమెరికా స్వాతంత్ర్యానికి మద్దతుగా ఆ పని చేశాడు. ఇంగ్లీషు రాజు నౌకాదళాన్ని దెబ్బతీయాలంటే ఫిరంగులున్న చోటు కాదు, తాళ్లున్న చోటు పట్టుకోవాలని అతను గ్రహించాడు. 1777 మార్చిలో ఒక యుద్ధనౌక తెరచాప కొయ్యను పీకి తెచ్చి రేవు గుమ్మం ముందు నిలబెట్టి, దాని మీద అరవై అడుగుల ఎత్తున అతన్ని ఉరితీశారు. అతని చర్యను నేను సమర్థించడం లేదు. కానీ ఆ రేవులో ఉరికి తాడు కొరత రాలేదన్నది గమనార్హం. చాటంలో కొత్త శాల కట్టడం ఆ తరువాత పదేళ్లకు మొదలైంది.

బ్రిటిషు నౌకాదళానికి వులిచ్, చాటం, పోర్ట్‌స్మత్, ప్లిమత్ అనే నాలుగు రేవుల్లో తాళ్లశాలలుండేవి. మూడింటిలో పని ఏనాడో ఆగిపోయింది. 1984లో చాటం రేవునే ప్రభుత్వం మూసివేసింది. వేలమంది పనులు పోయాయి. పాత రేవు ఒక ట్రస్టు చేతికి వచ్చింది. తాళ్లశాల మాత్రం ఆగలేదు. మ్యూజియంగా టికెట్టు పెట్టి చూపిస్తూనే, అదే నేలమీద, 1811 నాటి యంత్రం మీద, ఇప్పటికీ తాడు పేని అమ్ముతున్నారు. జనపనారతోనూ పేనుతారు, నైలాను జాతి దారాలతోనూ పేనుతారు. చుట్ట పొడవు అదే, 220 మీటర్లు, మన లెక్కలో 120 బారలు. పనివాళ్లు కొసనుంచి కొసకు పోవడానికి ఇప్పుడు సైకిళ్లు వాడతారు. ఫోటోల్లో గోడకు ఆనించి అవి కనబడతాయి.